పొగగొట్టంలో జరిగే ఎంపిక: నైట్రోజన్ ఆక్సైడ్లను ఉత్ప్రేరకాలు ఎలా విడగొడతాయి?

కొత్త తరం డీజిల్ లారీల్లో ఇంధన ట్యాంకు పక్కనే నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది యూరియా కరిగించిన నీరు. దాన్ని డీజిల్‌లో కలపరు, ఇంజన్‌లోకి పోనివ్వరు. అయినా అది నిండుకుంటే లారీ శక్తి తగ్గించుకుని ఈడుస్తుంది. కారయితే ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. ఇంజన్‌కు అక్కర్లేని ద్రవం కోసం ఇంజన్‌నే ఎందుకు ఆపుతారో చాలామందికి అంతుపట్టదు. యూరియా మైలేజీ పెంచడానికేనని కొందరు, కంపెనీలు డబ్బు గుంజడానికి పెట్టిన ఏర్పాటని ఇంకొందరు చెబుతుంటారు. ఆ ద్రవం పని ఇంజన్ దాటాక, పొగ బయటికి పోయే దారిలో మొదలవుతుంది. పెట్రోలు కారులో అలాంటి ట్యాంకు లేకుండానే ఇంచుమించు అదే పని జరిగిపోతుంది. ఈ తేడాకు కారణం పొగలో మిగిలిపోయే ఆక్సిజన్. దాన్ని అర్థం చేసుకుంటే మిగతా కథంతా వరుసగా విడిపోతుంది.

## ఇంధనం తప్పు కాదు, మంట తప్పు

గాలిలో 78 శాతం నైట్రోజనే. దాని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో ముడిపడి ఉంటాయి. ఆ ముడి విప్పాలంటే మోల్‌కు (మోల్ అంటే నిర్ణీత సంఖ్యలో అణువుల కట్ట) సుమారు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి కాబట్టి మామూలు పరిస్థితుల్లో నైట్రోజన్ దేనితోనూ కలవదు. ఇంజన్ సిలిండర్‌లో మాత్రం మంట ఉష్ణోగ్రత 1,500 డిగ్రీల సెల్సియస్‌ను సులువుగా దాటుతుంది. ఆ వేడికి విడివడిన ఆక్సిజన్ పరమాణువు నైట్రోజన్ అణువును ఢీకొట్టి నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది. మిగిలిన ఒంటరి నైట్రోజన్ పరమాణువు మరో ఆక్సిజన్ అణువును విరిచి ఇంకో నైట్రిక్ ఆక్సైడ్ చేస్తుంది. ఈ గొలుసును సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్డోవిచ్ 1940లలో వివరించారు. మొదటి మెట్టు జరగాలంటే దాటాల్సిన శక్తి అడ్డుగోడ చాలా ఎత్తు. అందుకే ఉష్ణోగ్రత కొంచెం పెరిగినా ఈ వాయువు ఉత్పత్తి అమాంతం పెరిగిపోతుంది.

దీని వల్ల తేలే విషయం ఒకటుంది. బొగ్గులో అయితే ఇంధనంలోనే కొంత నైట్రోజన్ ఉంటుంది గానీ, పెట్రోలు, డీజిల్ ఎంత శుద్ధి చేసినా ఈ కాలుష్యం పోదు. ఇక్కడ ముడిసరుకు గాలి, కొలిమి మంట.

నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ రెండింటినీ కలిపి నాక్స్ అంటారు. ఇంజన్ నుంచి వచ్చేది ఎక్కువగా మొదటిదే. గాలిలో అది క్రమంగా రెండోదిగా మారుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులను రేపుతుంది. ఎండలో ఇతర కర్బన ఆవిరులతో కలిసి నేల మట్టంలో ఓజోన్‌ను, తేమతో కలిసి ఆమ్ల వర్షాన్ని, అమ్మోనియాతో కలిసి సూక్ష్మ ధూళి కణాలను తయారుచేస్తుంది. గాలిలో దాని వార్షిక సగటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములుగా ఉండేది. 2021లో దాన్ని ఒక్కసారిగా 10కి దించారు. నైట్రస్ ఆక్సైడ్ అనే మూడో బంధువు నాక్స్ లెక్కలోకి రాదు. కానీ తర్వాత ఒక చిక్కు తెచ్చేది అదే.

## విడిపోవాలని ఉన్నా విడిపోని అణువు

విచిత్రమేమిటంటే, చల్లబడ్డాక నైట్రిక్ ఆక్సైడ్‌కు బతికే హక్కే లేదు. అది నైట్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతే మోల్‌కు సుమారు 90 కిలోజౌళ్ల శక్తి బయటికి వస్తుంది. అంటే శక్తి లెక్క ప్రకారం విడిపోవడమే దానికి లాభం. విడిపోయే దారిలో ఉన్న అడ్డుగోడ మాత్రం చాలా ఎత్తు. మంటలో పుట్టిన వాయువు క్షణాల్లో చల్లబడి ఆ గోడకు ఇవతలే చిక్కుకుపోతుంది.

ఇలాంటి గోడను తగ్గించేదే ఉత్ప్రేరకం. అది చర్యలో పాల్గొంటుంది గానీ ఖర్చయిపోదు. జరగడానికి వీలున్న చర్యను వేగంగా జరిపిస్తుందే తప్ప వీలులేని చర్యను జరిపించలేదు. మరి నైట్రిక్ ఆక్సైడ్‌ను నేరుగా విడగొట్టే ఉత్ప్రేరకం ఒకటి పెట్టేస్తే పని అయిపోదా? ఈ ఆశ పాతదే. 1986లో జపాన్‌కు చెందిన ఇవామోటో బృందం జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల ఖనిజంలో రాగిని చొప్పించి ఈ పని చేయవచ్చని చూపినప్పుడు ప్రయోగశాలలన్నీ అటు పరుగెత్తాయి. చిక్కు ఆక్సిజన్ దగ్గర వచ్చింది. విడిపోయిన ఆక్సిజన్ ఉపరితలాన్ని వదలకుండా అక్కడే తిష్ఠ వేస్తుంది, తర్వాతి అణువుకు చోటుండదు. పొగలోని నీటి ఆవిరి ఉన్న కాస్త చురుకుదనాన్నీ చంపేస్తుంది. ఇప్పటికీ వాహనాలకు పనికొచ్చే స్థాయిలో అలాంటి ఉత్ప్రేరకం రాలేదు.

కాబట్టి ఆక్సిజన్‌ను మోసుకుపోయే తోడు ఒకటి కావాలి. ఆక్సిజన్‌ను లాగేసుకునే ఆ పదార్థాన్ని క్షయకరణి అంటారు. అసలు తలనొప్పి ఇక్కడే. డీజిల్ పొగలో నైట్రిక్ ఆక్సైడ్ పది లక్షల అణువులకు 500 ఉందనుకుందాం. అదే పొగలో ఆక్సిజన్ 10 శాతం, అంటే పది లక్షలకు లక్ష. ఒక్కో నైట్రిక్ ఆక్సైడ్ అణువు చుట్టూ 200 స్వేచ్ఛా ఆక్సిజన్ అణువులు. క్షయకరణిని అందులోకి వదిలితే అది దారిలో ముందు దొరికిన ఆక్సిజన్‌తోనే కలిసిపోతుంది. ఆ 200ను వదిలి ఈ ఒక్కదాన్నే పట్టుకునేలా చేయడమెలా?

## పెట్రోలు బండి జవాబు: ఆక్సిజన్‌నే మిగల్చకపోవడం

పెట్రోలు ఇంజన్‌లో ఈ ప్రశ్నను తప్పించుకునే వీలుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి సరిపోతుంది. సరిగ్గా అంతే గాలి ఇస్తే పొగలో ఆక్సిజన్ దాదాపు మిగలదు. అరకొరగా మండిన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు మాత్రం కొన్ని ఉంటాయి. అవే క్షయకరణులు. రోడియం లోహం మీద నైట్రిక్ ఆక్సైడ్ అణువు తేలిగ్గా చీలుతుంది. దాని ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, నైట్రోజన్ పరమాణువులు జతకట్టి వెళ్లిపోతాయి. ప్లాటినం, పల్లాడియం మిగతా రెండు కాలుష్యాలను కాల్చేస్తాయి. మూడు పనులు ఒకే డబ్బాలో జరుగుతాయి కాబట్టి దీన్ని త్రీ-వే కన్వర్టర్ అంటారు.

అయితే గాలి, ఇంధనాల నిష్పత్తి ఒక శాతం అటూ ఇటూ జరిగినా లెక్క తప్పుతుంది. గాలి ఎక్కువైతే నాక్స్ తగ్గదు, తక్కువైతే మిగతా రెండూ మిగిలిపోతాయి. పొగలో ఆక్సిజన్‌ను కొలిచి ఎప్పటికప్పుడు ఇంధనాన్ని సరిదిద్దే లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లలోకి వచ్చాకే ఈ విధానం నిలదొక్కుకుంది. ఆ సర్దుబాటులోని చిన్న చిన్న ఊగిసలాటలను సీరియం ఆక్సైడ్ భరిస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైతే దాచుకుని, తక్కువైతే విడుదల చేస్తుంది. రసాయన శాస్త్రానికి ఎంత పేరు ఇచ్చినా, ఇక్కడ సగం ఘనత ఒక సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ దక్కాలి.

డీజిల్‌కు ఈ దారి మూసుకుపోయింది. అది స్వభావరీత్యా అవసరానికి మించిన గాలితో మండే ఇంజన్. దాని పొదుపుకు ఒక కారణం కూడా అదే.

## డీజిల్ జవాబు: అమ్మోనియా చేసే ఎంపిక

అంత ఆక్సిజన్ మధ్య కూడా నైట్రిక్ ఆక్సైడ్‌నే ఎంచుకునే క్షయకరణి ఒకటుంది: అమ్మోనియా. సరైన ఉత్ప్రేరకం మీద, సుమారు 200 నుంచి 450 డిగ్రీల మధ్య అది ఆక్సిజన్‌తో ఊరికే మండిపోకుండా నైట్రిక్ ఆక్సైడ్‌తో కలుస్తుంది. ఈ పద్ధతి పేరు సెలెక్టివ్ క్యాటలిటిక్ రిడక్షన్, పొట్టిగా ఎస్‌సీఆర్. ప్లాటినంతో దీనికి అమెరికాలో 1950లలోనే పేటెంట్ వచ్చింది. టైటానియం ఆక్సైడ్ మీద వెనేడియం ఆక్సైడ్ పూసే చవకైన రూపాన్ని 1970లలో జపాన్ విద్యుత్ కేంద్రాల కోసం తీర్చిదిద్దారు. లారీల దాకా రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

నాలుగు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు, నాలుగు అమ్మోనియా, ఒక ఆక్సిజన్ కలిసి నాలుగు నైట్రోజన్ అణువులు, ఆరు నీటి అణువులు అవుతాయి. పుట్టే ప్రతి నైట్రోజన్ అణువులో ఒక పరమాణువు పొగ నుంచి, రెండోది అమ్మోనియా నుంచి వస్తుంది. ఐసోటోపులతో, అంటే బరువులో తేడా వల్ల గుర్తుపట్టగల అదే మూలకపు పరమాణువులతో, చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. ఉత్ప్రేరకం మీది ఆమ్ల స్థానం అమ్మోనియాను పట్టి ఉంచుతుంది, పక్కనున్న లోహం దాన్ని చర్యకు సిద్ధం చేస్తుంది, అప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి కలుస్తుంది. చర్య ముగిశాక లోహం ఆక్సిజన్‌ను కొంత కోల్పోయి ఉంటుంది. దాన్ని మళ్లీ పూర్వస్థితికి తెచ్చేది పొగలోని స్వేచ్ఛా ఆక్సిజన్. ఇంతవరకూ అడ్డంగా కనిపించినదే ఇక్కడ పనిముట్టుగా మారింది.

పొగలో నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ సరిసమానంగా ఉంటే తక్కువ వేడిలో ఈ చర్య చాలా రెట్లు వేగంగా సాగుతుంది. అందుకే ఎస్‌సీఆర్‌కు ముందు ఒక ప్లాటినం ఉత్ప్రేరకం పెట్టి, నైట్రిక్ ఆక్సైడ్‌లో కొంత భాగాన్ని కావాలనే డయాక్సైడ్‌గా మారుస్తారు. కాలుష్యాన్ని తగ్గించే పెట్టెలో మొదటి గది దాన్ని మరింత ఘాటైన రూపానికి మార్చడం వినడానికి వింతే.

## ఒక లీటరు ద్రవం ఎంత దూరం వస్తుంది?

అమ్మోనియా విషవాయువు. దాన్ని సిలిండర్లలో రోడ్ల మీద తిప్పడం ప్రమాదం కాబట్టి బదులుగా యూరియా వాడతారు. ద్రావణంలో యూరియా 32.5 శాతం. ఈ పాళ్లలో ద్రావణం అతి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర, మైనస్ 11 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. పాళ్లు ఎటు మారినా అంతకంటే ముందే గడ్డకట్టడం మొదలవుతుంది. వేడి పొగలోకి చిమ్మితే నీరు ఆవిరై, ఒక్కో యూరియా అణువు నుంచి రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ వస్తాయి.

లెక్క వేద్దాం. ఒక లారీ గంటసేపు సగటున 100 కిలోవాట్ల శక్తితో నడిచింది. దాని ఇంజన్ కిలోవాట్-అవర్‌కు 6 గ్రాముల నాక్స్ పుట్టిస్తుందనుకుంటే మొత్తం 600 గ్రాములు. అందులో 560 గ్రాములు తీసేయాలి. నిబంధనల్లో నాక్స్ బరువును నైట్రోజన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తారు కాబట్టి మోల్‌కు 46 గ్రాములు. 560 గ్రాములంటే సుమారు 12.2 మోల్‌లు. ఒక నాక్స్‌కు ఒక అమ్మోనియా, అంటే అర యూరియా. 6.1 మోల్‌ల యూరియా బరువు సుమారు 366 గ్రాములు; 32.5 శాతం ద్రావణంగా 1,125 గ్రాములు, లీటరుకు 1.09 కిలోల సాంద్రతతో దాదాపు 1.03 లీటర్లు. ఆ గంటలో, కిలోవాట్-అవర్‌కు 200 గ్రాముల చొప్పున, కాలిన డీజిల్ సుమారు 24 లీటర్లు. యూరియా ద్రవం వాటా 4.3 శాతం.

గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క కూడా ఇందులోనే ఉంది: ఒక గ్రాము నాక్స్ పోవాలంటే రెండు గ్రాముల ద్రావణం కావాలి. బండి ద్రవాన్ని అంతకంటే బాగా తక్కువ తాగుతోందంటే సంతోషించాల్సిన విషయం కాదు. ఒకటి ఇంజన్ తక్కువ నాక్స్ పుట్టిస్తూ ఉండాలి, లేదా శుద్ధి జరగకుండా ఉండాలి.

## వెనేడియమా, రాగా?

వెనేడియం చవక, గంధకాన్ని తట్టుకుంటుంది. అందుకే గంధకం ఎక్కువున్న ఇంధనం వాడే ఓడల్లో, బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో దానిదే రాజ్యం. కానీ అది గంధక డయాక్సైడ్‌లో కొంత భాగాన్ని ట్రయాక్సైడ్‌గా మారుస్తుంది. అది అమ్మోనియాతో కలిసి జిగట లవణంగా గొట్టాల్లో పేరుకుంటుంది కాబట్టి వెనేడియం పాలును ఒకటి, రెండు శాతానికి మించనివ్వరు. 600 డిగ్రీలు దాటితే ఈ ఉత్ప్రేరకం పాడవడం మొదలవుతుంది. డీజిల్ వాహనాల్లో మసి వడపోతను శుభ్రం చేయడానికి అప్పుడప్పుడు పొగను దాదాపు ఆ స్థాయికే వేడెక్కించాలి. సమస్య అక్కడ వచ్చింది.

రాగి నింపిన జియోలైట్లు ముందుకు రావడానికి కారణం ఇదే. తొలిరోజుల్లో వాడిన జెడ్‌ఎస్‌ఎం-5 రకం వేడి ఆవిరిలో అల్యూమినియం కోల్పోయి కూలిపోయేది. 2010 ప్రాంతంలో మార్కెట్‌లోకి వచ్చిన ఎస్‌ఎస్‌జెడ్-13 రకంలో రంధ్రాల వెడల్పు సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లే (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). అంత ఇరుకు కావడంతో ఊడివచ్చిన అల్యూమినియం ముక్క బయటికి పోలేక అక్కడే ఉండి మళ్లీ కుదురుకుంటుందని ఎక్కువమంది ఇచ్చే వివరణ. పైగా 2017లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, తక్కువ వేడిలో రాగి అయాన్లు అమ్మోనియాను తొడుక్కుని గోడ వదిలి కొంత దూరం కదులుతాయి. ఆక్సిజన్ అణువును చీల్చడానికి రెండు రాగి అయాన్లు ఒకే గదిలో కలుసుకుంటాయి. ఘన పదార్థంలో ద్రావణం లాంటి ప్రవర్తన! నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందంగా తోచిన విషయం ఇదే.

రాగికీ బలహీనత ఉంది: గంధకం. దాని విషప్రభావం తొలగించడానికి ఉత్ప్రేరకాన్ని మళ్లీ మళ్లీ వేడి చేయాలి. కాబట్టి ఏది మేలన్న ప్రశ్నకు ఇంధనంలో గంధకం ఎంత, పొగ వేడి ఎంత అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

నాక్స్‌ను బేరియం నైట్రేట్‌గా దాచిపెట్టి, కొన్ని క్షణాలు ఇంధనం ఎక్కువగా పంపి వదిలించే నాక్స్ ట్రాప్ అనే మరో పద్ధతి చిన్న కార్లలో వాడారు. యూరియా అక్కర్లేదు గానీ ప్రతిసారీ కొంత ఇంధనం ఖర్చు, గంధకంతో గొడవ తప్పవు.

## మొదటి మూడు నిమిషాలు

ఉత్ప్రేరకం సామర్థ్యం 95 శాతం అని ప్రకటనలో చదివితే ప్రయాణం మొత్తంలో అంత తగ్గుతుందని అనుకోవడం సహజం. 20 నిమిషాల ప్రయాణం తీసుకుందాం. మొదటి 3 నిమిషాలు ఉత్ప్రేరకం చల్లగా ఉండి ఏమీ చేయలేదు, తర్వాత 95 శాతం చొప్పున శుద్ధి చేసింది. నాక్స్ ఒకే వేగంతో పుడుతోందనుకుంటే, చల్లటి సమయంలో మొత్తంలో 15 శాతం బయటికి పోయింది. మిగతా 85లో 5 శాతం, అంటే 4.25 పోయింది. కలిపి 19.25 శాతం.

ఇప్పుడు రెండు మెరుగుదలలు పోల్చండి. సామర్థ్యాన్ని 95 నుంచి 98కి పెంచితే బయటికి పోయేది 16.7 శాతానికి తగ్గుతుంది. సామర్థ్యం అలాగే ఉంచి వేడెక్కే సమయాన్ని 3 నిమిషాల నుంచి ఒకటికి తగ్గిస్తే 9.75 శాతమే. పరిశోధన డబ్బు ఎక్కువగా చల్లటి ఇంజన్ వైపు ఎందుకు వెళుతోందో ఈ రెండు అంకెలు చెబుతాయి. యూరియాతో ఇంకో అడ్డంకి: పొగ సుమారు 180, 200 డిగ్రీలకు చేరకుండా చిమ్మితే అది అమ్మోనియాగా మారకుండా గొట్టంలో తెల్లగా గట్టిపడుతుంది. ఆగుతూ సాగే నగర రవాణా ఎస్‌సీఆర్‌కు కఠిన పరీక్ష కావడం ఇందుకే. ఇంజన్‌కు దగ్గరగా రెండో ఉత్ప్రేరకం పెట్టడం, విద్యుత్ హీటర్లు వాడడం దీనికి వచ్చిన పరిష్కారాలు.

## పరీక్షలో ఒకటి, రోడ్డు మీద ఒకటి

2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌పై ఆరోపణలు ప్రకటించింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే నాక్స్ నియంత్రణను పూర్తిగా పనిచేయించే సాఫ్ట్‌వేర్ ఆ కార్లలో ఉందని తేలింది. రోడ్డు మీద ఉద్గారాలు పరిమితికి 40 రెట్ల వరకూ ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల వాహనాల్లో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు కంపెనీ ఒప్పుకుంది. ఉత్ప్రేరకాలు పనికిరావని దీన్నుంచి కొందరు నిర్ధారించారు. నిజానికి బయటపడ్డది వేరు. ఉత్ప్రేరకానికి కావాల్సిన యూరియానో ఇంధనమో అందిస్తూ ఉండాలంటే ఖర్చు, అసౌకర్యం ఉంటాయి. వాటిని తప్పించుకోవాలన్న కోరిక కూడా ఉంటుంది. 2017 సెప్టెంబరు నుంచి ఐరోపాలో కొత్త మోడళ్లను కారుకే పరికరం బిగించి రోడ్డు మీద కొలుస్తున్నారు.

## ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుందా?

అసలు నాక్స్ పుట్టకుండా చేయవచ్చు కదా అన్నది ఒక వాదం. పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్‌లోకి పంపితే మంట చల్లబడి నాక్స్ తగ్గుతుంది. కానీ మసి పెరుగుతుంది, పొదుపు తగ్గుతుంది. అమెరికాలో 2010 నిబంధనలను ఎస్‌సీఆర్ లేకుండా ఈ పద్ధతితోనే అందుకోవాలని లారీలు తయారుచేసే నావిస్టార్ కంపెనీ పట్టుబట్టి, 2012లో వెనక్కి తగ్గి ఎస్‌సీఆర్‌కు మారింది. అలాగని ఆ వాదం వీగిపోలేదు. నేటి ఇంజన్లలో చాలావరకు రెండూ కలిపే వాడతారు.

రెండో అభ్యంతరం బరువైనది. అమ్మోనియా ఎక్కువైతే అదే బయటికి పోయి సూక్ష్మ కణాలకు దారితీస్తుంది. దాన్ని పట్టడానికి చివర ఇంకో ఉత్ప్రేరకం పెడితే అది అమ్మోనియాలో కొంత భాగాన్ని నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చవచ్చు. ఆ వాయువు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు బలమైనది. ఉదాహరణకు కిలోవాట్-అవర్‌కు 0.1 గ్రాము వచ్చిందనుకుంటే 27 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 200 గ్రాముల డీజిల్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 630 గ్రాములు. అంటే 4 శాతం పైచిలుకు అదనం. ఎస్‌సీఆర్‌ను సమర్థించేవారి జవాబు ఏమిటంటే, నాక్స్‌ను ఉత్ప్రేరకానికి వదిలేస్తే ఇంజన్‌ను మరింత వేడిగా, పొదుపుగా నడపవచ్చు. ఆ ఆదా ఈ నష్టాన్ని పూడుస్తుంది. రెండు లెక్కలూ సరైనవే. ఏది గెలుస్తుందో ఆయా ఇంజన్ సర్దుబాటు తేలుస్తుంది. అందుకే భారీ వాహనాలకు యూరప్ తెచ్చిన యూరో 7 నిబంధనల్లో నాక్స్‌తో పాటు అమ్మోనియాకూ, నైట్రస్ ఆక్సైడ్‌కూ విడివిడిగా పరిమితులు పెట్టారు.

బ్యాటరీ వాహనాలు వస్తుంటే ఈ తంటా అంతా ఎందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. కార్ల వరకు అది బలంగా నిలుస్తుంది. ఓడలు, భారీ యంత్రాలు, గ్యాస్ టర్బైన్ల విషయంలో అంత తేలిక కాదు. పైగా ప్రత్యామ్నాయంగా చెబుతున్న హైడ్రోజన్‌ను ఇంజన్‌లో కాల్చినా గాలి అదే, వేడి మంట అదే. కార్బన్ ఉండదు గానీ నాక్స్ పుడుతుంది. ఆ పొగలో నీటి ఆవిరి మరీ ఎక్కువ కాబట్టి జియోలైట్ల ఆవిరి ఓర్పుకు పరీక్ష ఇంకా కఠినమవుతుంది. ఓడలకు ఇంధనంగా అమ్మోనియానే వాడాలన్న ప్రయత్నాల్లో నాక్స్‌తో పాటు మండకుండా మిగిలిన అమ్మోనియా, నైట్రస్ ఆక్సైడ్ కూడా పొగలో ఉంటాయి. అక్కడ క్షయకరణి కోసం వేరే ట్యాంకు అక్కర్లేదు. మూడింటినీ ఒకేసారి అదుపు చేసే ఉత్ప్రేరకాల కోసం మాత్రం పని ఇంకా సాగుతోంది.